బలిపీఠం గుడ్డ

“ఇంత చదువు చదివి ఒక గుడ్డ తెల్లగా ఉతకలేవా స్టెల్లా?” మా అత్త దయామణి గుడి నుంచి వస్తూనే బలిపీఠం గుడ్డను నా ఒళ్లో పడేసింది. “నీలిమందు తక్కువ పోయమని ఎన్నిసార్లు చెప్పినా!”

“నీలిమందు మరక పచ్చగా ఉంటదా అత్తా?”

“అయితే సబ్బు సరిగ్గా పోలే.”

సబ్బా, నీలిమందా అని కాసేపు వాదించుకున్నాం. తీరా విదిలిస్తే మరక లేనే లేదు. వాకిట్లో పచ్చని పొడి రాలింది. వేళ్లతో నలిపి చూశాను. చెక్కపొడి.

పెద్దారవీడు దాటాక కొండవైపున్న మా లూథరన్ గుడికి రాతి గోడలు, మార్కాపురం పలకల కప్పు. ఆ బరువంతా బలిపీఠం పైనున్న టేకు దూలం మీదే. మా మామ నిత్యానందం గారి తాత దాన్ని నల్లమల నుంచి బండి కట్టి తెచ్చాడట. అందుకే ఏటా క్రిస్మస్‌కు దానికి రంగు వేయడం మా ఇంటి హక్కు. గుడ్డ ఉతికి పరచడం ఈ ఇంటి కోడలి వంతు. అది పరిస్తే తప్ప మా గుడిలో ఆరాధన మొదలుకాదు. ప్రసంగ పీఠం, బాప్తిస్మపు రాతితొట్టి, గంట అన్నీ పాతబడ్డాయి. దూలం మాత్రం కొత్తదానిలా మెరుస్తుంది.

మధ్యాహ్నం గుడికి వెళ్లి, నక్షత్రం కట్టే వెదురుతో దూలాన్ని తట్టాను. ఖాళీ డబ్బా చప్పుడు. కొనతో నొక్కగానే రంగు పొర చితికి పొడి ధారగా కారింది. ఎంతకీ ఆగలేదు. పైన ఏదో పలక కిర్రుమంది.

కింద, పాట పాడే పిల్లల కోసం సుద్దతో గీసిన గీతలున్నాయి. అన్నిటికన్నా ముందు గీత దగ్గర నా కూతురు ఫెబీ పేరు.

“దూలం లోపలంతా పుచ్చిపోయింది మామా. పండగ ఆరాధన బయట పెట్టిద్దాం,” ఇంటికి రాగానే చెప్పాను.

“మా తాత తెచ్చిన మాను పుచ్చేదేందమ్మా? ఈ మాట బయట అన్నావంటే ఊరు నవ్వుతది.”

నా భర్త పాల్ రాజు తల వంచుకునే అన్నాడు. “పండగ అయినాక మేస్త్రిని పిలుస్తాలే.”

సాయంత్రానికి రంగు డబ్బా వచ్చింది. మర్నాడు చూస్తే నేను చేసిన చిల్లు కనబడలేదు. పొడి మాత్రం బలిపీఠం మీద మళ్లీ పడి ఉంది, ఈసారి వేలు పెడితే గుర్తు పడేంత. రంగు కుంచె అందని పైవైపు నుంచి రాలుతోంది.

పండగ ముందురోజు అందరం అన్నానికి కూర్చున్నాం. ఫెబీ పాట కూనిరాగం తీస్తూ ముద్దలు కలుపుతోంది.

“రేపు పొద్దున్నే పోయి గుడ్డ పరిచిరా అమ్మా,” అన్నాడు మామ. “పిల్లోల్లు ముందే వచ్చి నిలబడతారంట.”

నేను ఫెబీ కంచంలో పప్పు వేసి గరిటె కింద పెట్టాను.

“పరచను మామా. గుడ్డ పెట్టెలో పెట్టి తాళం వేసినా. బయట వేపచెట్టు కింద బల్ల వేయించండి, అక్కడైతే పరుస్తా. ఆ దూలం కింద గుడ్డా ఉండదు, నా బిడ్డా ఉండదు.”