ఏ దిక్కు నుంచి మోగింది?

రేకులు కోసే ప్రెస్సుల నడుమ ఇరవై నాలుగేండ్లు నిలబడి నిలబడి మల్లన్నకు రెండు చెవులూ మందగించాయి. చెవులకు రెండు మిషన్లు ఇప్పించి, పటాన్‌చెరు కంపెనీవాళ్లు అతణ్ణి చప్పుడు తక్కువుండే ప్యాకింగ్‌కు మార్చారు. ఇప్పుడు మాట వినబడుతుంది గానీ, అది ఎటు నుంచి వస్తుందో అంతుబట్టదు. పోయిన వారం ఫోర్క్‌లిఫ్ట్ హారన్ మోగితే, తప్పుకోబోయి దానికే ఎదురెళ్లాడు. డ్రైవర్ బ్రేకు వేశాడు గనుక బతికిపోయాడు. మర్నాడే సూపర్‌వైజర్ అతణ్ణి సంగారెడ్డిలో చెవి పరీక్షలు చేసేచోటికి పంపాడు. తోడుగా భార్య కౌసల్య వచ్చింది.

అక్కడ పరీక్ష చేసే అమ్మాయి పేరు వర్ష. గది మధ్యన కుర్చీ, చుట్టూ గుండ్రంగా పన్నెండు స్పీకర్లు, ఒక్కోదానికి ఒక నంబరు. తల తిప్పకుండా కూర్చొని, ఏది మోగిందో నంబరు చెప్పాలంది. మల్లన్న ధీమాగానే మొదలుపెట్టాడు. ఎక్కడ మోగినా కుడివైపున్న మూడో నంబరే అన్నాడు.

వర్ష దగ్గరికొచ్చి చూసింది. ఎడమ చెవికి మిషన్ లేదు.

"ఇంకోటేది అంకుల్?"

మల్లన్న సిగ్గుపడుతూ జేబులోంచి డబ్బా తీశాడు. "పనికాడ ఖరాబైతదని దాసిన బిడ్డా. పెండ్లిళ్లకు పెట్టుకుంట."

కౌసల్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వర్ష కూడా నవ్వు ఆపుకుని, చప్పుడు ఏ చెవికి ముందు చేరిందో, ఏ చెవికి గట్టిగా తగిలిందో పోల్చుకునే మనకు దిక్కు తెలుస్తుందని, ఒక్క చెవితో ఆ పని కాదని వివరించింది.

రెండూ పెట్టుకున్నాక ఎడమేదో కుడేదో తేటగా తెలిసింది. ఇరవై నాలుగుసార్లు మోగిస్తే పదిహేడుసార్లు సరిగ్గా చెప్పాడు. ముందు మోగినవీ వెనక మోగినవీ మాత్రం కలగాపులగం చేశాడు.

"ముందటిదేదో ఎన్కటిదేదో తెల్వదా?" అంది కౌసల్య.

"జెర నువ్వు కూసోని సూడు."

కౌసల్య కొంగు బిగించి కూర్చుంది. నిక్షేపంలాంటి చెవులు ఆమెవి. అయినా వీపు వెనక మోగినదాన్ని మూడుసార్లు ముందటిదంది. తల కదపకుంటే అది ఎవరికైనా కష్టమేనని వర్ష సర్దిచెప్తున్నా మల్లన్న నవ్వు ఆగలేదు.

తిరుగు బస్సులో కౌసల్య మూతి ముడుచుకుని కూర్చుంది. రుద్రారంలో కాలేజీ పిల్లలెక్కారు. ఎవరి ఫోను మోగినా మల్లన్న అటు వేలు చూపిస్తున్నాడు. ఇస్నాపూర్ వచ్చేసరికి ఆమె కూడా అలక మాని అతనితో పోటీకి దిగింది.