మ్యూట్ నొక్కే పని

"నీకేం కష్టం? చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిచ్చుకొని నిలబడుడే కదా," అన్నాడు ఉమేశ్, కాలర్‌కి మైకు పెట్టించుకుంటూ. పెడుతున్నది అతని భార్య సాయలి. ఆ మైకుకు ఛార్జింగు పెట్టింది, గోల చేసే ఫ్యాను బందు చేసింది, ముప్పై చీరలు రంగుల వరసలో పేర్చింది, అంతకుముందు ఇంట్లో వంట ముగించి అత్త కాశీబాయికి బీపీ గోళీ వేసి వచ్చింది కూడా ఆమే. అవేవీ పనుల కిందికి రావు మరి!

మహారాష్ట్రలోని నాందేడ్‌లో, వజీరాబాద్ బజారులో వాళ్ల చీరల దుకాణం. రోజూ పదకొండింటికి ఫోన్‌లో లైవ్. ఉమేశ్ మరాఠీలో, మధ్యమధ్య తెలుగులో మాట్లాడుతూ చీరలు విప్పి చూపిస్తాడు. సాయలి ఫోను వెనక నిలబడి, అతని గొంతు జనానికి ఎలా చేరుతోందో హెడ్‌ఫోన్లలో వింటుంది. చీర మైకుకు రాసుకుంటే చెయ్యి ఊపుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అతను పక్కకు పోగానే మ్యూట్ నొక్కుతుంది; అప్పుడు అతని మాట జనానికి పోదు, ఆమె హెడ్‌ఫోన్లలో మాత్రం వినపడుతూనే ఉంటుంది. ఎందుకంటే ఒంటి మీద మైకుందన్న ధ్యాసే ఉండదు ఆ మహానుభావుడికి. "తాయీ, అక్కా" అని తేనె పూసి మాట్లాడినవాడు, గోదాములో అడుగు పెట్టగానే ఆ అక్కలనే తిడతాడు. "ముప్పై చీరలు ఇప్పిస్తరు, ఒక్కటి కొనరు. పనిపాట లేని ఆడోళ్లు!" రెండేళ్లుగా ఆ కంపంతా సాయలి ఒక్కతే చెవుల్లో పోసుకుంటోంది. ఒకసారి చెప్పి చూసింది. "ఇనుడే నీ పని," అన్నాడు.

ఆమె అడిగింది ఒక్కటే. లైవ్ చూసేవాళ్లలో సగంమంది తెలంగాణ సరిహద్దు పక్కనున్న హిమాయత్‌నగర్, కిన్వట్ ఊళ్ల తెలుగువాళ్లు. జరీ నల్లబడుతదా, ఉతికితే రంగు పోతదా అని తెలుగులోనే అడుగుతారు. జవాబులు సాయలి చీటీ మీద రాసి చూపిస్తే ఉమేశ్ చదువుతాడు. అలాంటప్పుడు మంగళవారం ఒక్కరోజు తెలుగు లైవ్ తనే చేస్తానంది. దసరా కానీ అన్నాడు, దీపావళి కానీ అన్నాడు. చివరికి నిన్న, "ఈ మంగళారం నువ్వే చెయ్యి పో," అన్నాడు. అప్పట్నుంచి మొదట ఏం మాట్లాడాలో లోలోపల చెప్పుకుంటూనే ఉంది పిచ్చిది.

సోమవారం లైవ్ మధ్యలో, "ఒక్క నిమిషం, కొత్త మాల్ తెస్త," అని ఉమేశ్ గోదాములోకి పోయాడు. ఆమె వేలు అలవాటుగా మ్యూట్ మీదికి వెళ్లింది. అంతలోనే హెడ్‌ఫోన్లలో, గోదాములో ఉన్న మరిది తుషార్ గొంతు.

"అన్నా, రేపు వదినె లైవ్ చేస్తదట?"

"ఏడ చేస్తదిరా! ఊకె అన్న. రెండు దినాలు మూతి ముడుసుకోకుంట పని చేస్తదని."

సాయలికి ఒళ్లు మండిపోయింది. నొక్కితే రోజూలాగే అతని పరువు నిలుస్తుంది. నొక్కకపోతే తన పరువూ నలుగురిలో పోతుంది. పోతే పోనీ అనుకుని వేలు తీసేసింది.

"గా ఊరోళ్ల మాటతోని ఆమె మాట్లాడుడు, గా కిన్వట్ ఆడోళ్లు కొనుడు... దుకాణం ఇజ్జత్ పోతదిరా!"

మూడువందల పన్నెండు మంది చూస్తున్నారు. వెంటనే ఒక కామెంటు వచ్చింది. "కిన్వట్ నుంచి ద్రౌపదిని. ఇంటున్న సేఠ్."

ఉమేశ్ చీరల కట్టతో నవ్వుతూ వచ్చాడు. "ఆవాజ్ మంచిగ పోతున్నదా?"

"మస్తు పోతున్నది." సాయలి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "అందరు ఇన్నరు. ఇంక నేనొక్కదాన్నే ఇనే పని లేదు."