తొట్టిలో నాలుగు వేళ్ళ నీళ్ళు

కినుయో కోరిక చాలా చిన్నది. చచ్చేలోగా ఒక్కసారి, తాను మునిగి లేచిన నీళ్ళలో తోడికోడలు తొకి మునగాలి. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఆ కోరికకు నలభై ఆరేళ్ళ చరిత్ర ఉంది. కినుయో కాపురానికి వచ్చేసరికి భర్త హాచిరో అన్నతో వేరుపడి ఇల్లు కట్టుకున్నాడు గానీ, స్నానాల గదికి డబ్బు చాలలేదు. తొమ్మిదేళ్ళ పాటు రోజూ సాయంత్రం ఆమె తువ్వాలు భుజాన వేసుకుని మంచులో జారుకుంటూ పెద్దింటికి పోయేది. చలికాలం మగవాళ్ళంతా పట్నం పనులకు వెళ్ళిపోయేవారు కనుక, ఒకే తొట్టి నీళ్ళలో అందరూ దిగే వరస ఇలా ఉండేది: ముందు పెద్దకోడలు తొకి, తర్వాత అత్తగారు, తర్వాత పిల్లలు, చిట్టచివర వేరింటి కోడలు. అత్తగారు తన కంటే ముందు పెద్దకోడలినే దింపేది. ఎంత గౌరవమో చూడు అని కినుయో కుళ్ళిపోయేది. బయట ఒళ్ళు రుద్దుకునే దిగుతాం కాబట్టి నీళ్ళు మురికి కావని అందరూ అనేవారు. అలా అన్నవాళ్ళెవరూ ఆఖర్న దిగినవాళ్ళు కారు.

ఇన్నాళ్ళకు కాలం తిరిగింది. జపాన్‌లోని ఆ ఇవాతే కొండల్లో చలి ముదిరి, పెద్దింట్లో స్నానాల గదికి నీళ్ళు ఆగిపోయాయి. మా యంత్రం పాతబడి ఆగిపోయింది, రేపు నాలుగింటికి మీ ఇంట్లో స్నానం చేయవచ్చా అని తొకి ఫోను చేసి అడిగింది. నలభై ఆరేళ్ళలో ఆమె నోట 'వచ్చా' అనే ముక్క వినడం కినుయోకు అదే మొదలు.

చుట్టం వస్తే మొదటి నీళ్ళు చుట్టానివే. అది ఆ లోయలో మర్యాద. కినుయో మర్యాద తప్పే మనిషి కాదు. అందుకని చుట్టం రాకముందే, మూడింటికి, తాను దిగి లేవాలని నిశ్చయించుకుంది. నడుం పట్టేసిందక్కా, ఉండలేక ముందే దిగాను అని చెప్పవలసిన మాటలు కూడా అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకుంది.

మరునాడు రెండున్నరకు గోడ మీది మీట నొక్కింది. పెరట్లో పంకా ఉన్న పెట్టె, దాని పక్కన మనిషంత నీళ్ళ పీపా. గాలిలోంచి వేడి లాగి నీళ్ళు కాచే ఈ హీట్ పంపును వాళ్ళు కిందటి వేసవిలోనే పెట్టించారు. మీట నొక్కితే తొట్టి దానంతటదే నిండుతుంది. నిండాక గోడలోంచి ఒకావిడ, ఏ కోడలూ ఏ అత్తతోనూ మాట్లాడనంత వినయంగా, స్నానం సిద్ధమైందని చెబుతుంది. ఆ రోజు ఆవిడ నోరు విప్పలేదు. మీట పక్కన తెర మీద, ఎక్కడో లోపం ఉందని ఒక అక్షరం, మూడు అంకెలు చూపించి ఊరుకుంది. తొట్టిలోకి చుక్క రాలేదు.

హాచిరో, కింద వేడి పెట్టి దుప్పటి కప్పిన పొట్టి బల్లలో నడుం దాకా దూరి కమలాపండ్లు ఒలుచుకుంటున్నాడు. "బయట మైనస్ పదిహేడు," అన్నాడు. "ఆ గాలిలో వేడి వెతుక్కోమంటే అది మాత్రం ఏం చేస్తుంది, పాపం."

వంటింటి కుళాయిలో మాత్రం వేడినీళ్ళు వచ్చాయి. అంటే కాచడంలో లోపం లేదు, తొట్టికి వెళ్ళే పైపే బిగుసుకుంది. బకెట్లతో మోసి పోసుకోమని హాచిరో సలహా ఇచ్చాడు. ఒక్క మీటతో నిండే తొట్టి అని ఊరంతా చాటిన కినుయో, అతని వైపు చూసిన చూపుకు అతను ఇంకో కమలా అందుకున్నాడు.

పైపుల పనివాడు ఒనొదెరకు ఫోను చేసింది. అతను ఎవరి ఇంటి కిందో పాకుతూ మాట్లాడాడు.

"రాత్రి తొట్టిలో నీళ్ళున్నాయా, పిన్నీ?"

"ఉన్నాయి," అంది కినుయో.

"రంధ్రం మీద ఎన్ని వేళ్ళు?"

కినుయో ఖాళీ తొట్టిలోకి తొంగిచూసింది. తొట్టి పక్కన ఉన్న రంధ్రానికి పైన నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు రాత్రంతా ఉంచమని, యంత్రం పెట్టినరోజే అతను చెప్పాడు. చలి పెరిగితే యంత్రం ఆ నీళ్ళను లాక్కుని పైపులో అటూ ఇటూ తిప్పుతుంది; కదిలే నీళ్ళు గడ్డకట్టవు. కినుయో విని తల ఊపింది. ఇంత వెచ్చటి నీళ్ళు ఊరికే ఉంచమంటున్నాడంటే వీడు బట్టలు ఉతికి ఎరగడు అని మాత్రం మనసులో అనుకుంది. రోజూ స్నానాలయ్యాక సన్న గొట్టం తొట్టిలో వేసి, ఆఖరి చుక్క దాకా బట్టల యంత్రంలోకి లాగేసేది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఆ పొదుపు నేర్పింది తొకియే. అప్పట్లో చెంబుతో తోడేవారు, అంతే తేడా.

"పదకొండు ఇళ్ళు, పిన్నీ," అన్నాడు ఒనొదెర. "పదకొండు ఇళ్ళలోనూ తొట్టి ఎండగట్టి బట్టలు తెల్లగా ఉతుక్కున్నారు. ఈ లోయ ఆడవాళ్ళ పొదుపే నా ఇల్లు నడుపుతోంది."

"పెద్దింట్లో కూడా అదేనా?"

"పెద్దింటావిడ చెప్పొద్దంది."

తాను ఎల్లుండి గానీ రాలేనన్నాడు. పీపా దగ్గర పైపు మీది తొడుగు విప్పి, గుడ్డ చుట్టి, గోరువెచ్చని నీళ్ళు నెమ్మదిగా పోయమన్నాడు. తొందరపడి మరిగేవి పోస్తే పైపు పగులుతుందని రెండుసార్లు చెప్పాడు.

తొందర కినుయోకు ఎంత ఉందో అతనికేం తెలుసు. ఇంటి ఉత్తరం పక్క, మోకాళ్ళ లోతు మంచులో కూర్చుని, పైపుకు తువ్వాలు చుట్టి కెటిల్ తర్వాత కెటిల్ పోసింది. హాచిరో నీళ్ళు తెచ్చి ఇస్తూ, ఇచ్చిన ప్రతిసారీ ఒక సలహా కూడా ఇచ్చాడు. మూడు దాటింది. మూడున్నర దాటింది. పైపు ఉలకలేదు.

పెద్దింటివాళ్ళు ఎప్పుడూ చెప్పిన వేళకంటే ముందే వస్తారు. చంకలో స్నానపు గిన్నెతో ఇల్లు చుట్టి వచ్చిన తొకికి మొదట కనబడింది తోడికోడలి మొహం కాదు. వంగి ఉన్న మనిషికి వెనక నుంచి కనబడేదే కనబడింది.

"ఆఖరి చుక్క దాకా లాగావా?" అంది తొకి.

"లాగాను," అంది కినుయో, తిరగకుండానే. "మీ యంత్రం పాతబడి ఆగిపోయిందన్నారుగా, అక్కా?"

"పాతదే. నోరు మూసుకుని నీళ్ళు పొయ్."

తొకి గిన్నె మంచులో పెట్టి, పక్కన చతికిలబడి తువ్వాలు పట్టుకుంది. ఒకరు పట్టుకోగా ఒకరు పోశారు. నాలుగూ పావుకు పైపు లోపల ముసలివాడి గొంతులో కఫం కదిలినట్టు గురగుర వినిపించింది. ఇంట్లోంచి హాచిరో, పడుతున్నాయి అని కేకవేశాడు, అదంతా తన పనే అన్నట్టు. ఇద్దరూ పైపు తుడిచి, పొడి గుడ్డ చుట్టి, తొడుగు బిగించారు.

కినుయో పథకం మంచులో కలిసింది. తొట్టి నిండే వేళకు చుట్టం ఇంట్లోనే ఉంది. మీరు దిగండి అక్కా అని మూడుసార్లు అంది, మర్యాద ప్రకారం. తొకి నాలుగుసార్లు కాదంది.

"నీ చేతులు నీలంగా ఉన్నాయే. నువ్వు దిగు ముందు."

అడగకుండానే వరం దొరికింది. తీరా దొరికాక ఏమైందో గానీ, కినుయో బయట కూర్చుని ఒళ్ళు మూడుసార్లు రుద్దుకుంది. చెవుల వెనక, కాలివేళ్ళ మధ్య కూడా. తొట్టిలో ఉన్నంతసేపూ ఏదైనా వెంట్రుక తేలుతుందేమోనని వెతుకుతూనే ఉంది. దానికి తోడు నీళ్ళు ఒళ్ళంతా చురచురమని గుచ్చాయి. పథకంలో ఉన్న సుఖం తొట్టిలో దొరక్క, పావుగంటకే లేచేసింది.

తొకి దిగింది. మెడ దాకా జారి, గది అద్దాలు మసకబారేంత నిట్టూర్పు విడిచింది.

"కినూ, ఉన్నావా అక్కడ?"

"ఉన్నాను," అంది కినుయో తలుపు ఇవతల నుంచి, తల తుడుచుకుంటూ.

"ఆహా, ఎంత మెత్తగా ఉన్నాయే. కొత్త నీళ్ళు సూదులు. ఎవరో ఒకరు దిగి లేస్తే గానీ ముసలి ఒంటికి పనికిరావు. అత్తకు ఆ సంగతి బాగా తెలుసు, అందుకే రోజూ నన్ను ముందు తోసేది. గుచ్చేవన్నీ నాకే గుచ్చేవి. చివర్న దిగే నిన్ను చూసి ఎంత కుళ్ళుకునేదాన్నో."

కినుయోకు ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది.

"ఒనొదెర మా ఇంటికి ఎల్లుండి గానీ రాడట," అంది తొకి లోపలి నుంచి. "రేపు కూడా నాలుగింటికే వస్తాను. నేను వచ్చేసరికి నువ్వు దిగి లేచి ఉండు."