మడకు నీళ్ళు వచ్చి పోవాలి

బెజవాడ లోకో షెడ్డులో బొగ్గు మోసే అన్నలారా, నాతోపాటు కాలేజీలో చదివే తమ్ముళ్ళారా, యుద్ధం రోజుల్లో మీ పొయ్యిల్లో కాలిన కట్టె ఎక్కణ్ణించి వచ్చిందో నేను కళ్ళారా చూశాను. వినండి.

నలభై అయిదో సంవత్సరం శ్రావణమాసంలో మా బాటనీ మాస్టారు జీవరత్నం గారు మమ్మల్ని ఎనిమిదిమందిని దివిసీమ చివరికి, కృష్ణ సముద్రంలో కలిసేచోటికి తీసుకెళ్ళారు. అక్కడ పాయదిబ్బ అని చేపలు పట్టేవాళ్ళ పల్లె. మేం పడవ దిగేసరికి అడవి గార్డు శౌరమ్మ అనే ముసలామెను జుట్టు పట్టి ఈడుస్తున్నాడు. ఎండు మడకొమ్మలు ఓ మోపు ఏరుకోవడం ఆమె చేసిన నేరం. ఆమె వెనకే, గార్డు కళ్ళెదుటే, పచ్చి మడచెట్లు నరికి నింపిన పడవలు బెజవాడ కాలవకేసి పోతున్నాయి. అవి కంట్రాక్టరు వెంకటప్పయ్యవి. వాటికి గార్డు సలాం కొట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఊరి దానమ్మ మా చేతుల్లో నోటుబుక్కులు చూసి, "దీన్ని కూడా రాసుకుంటారా బాబూ?" అని అడిగింది. మాస్టారు తల వంచుకున్నారు.

మడ అంటే ఉప్పునీటి బురదలో పెరిగే చెట్టు. దాని వేళ్ళ మధ్యే రొయ్యపిల్ల పెరుగుతుంది. ఉప్పెన వస్తే అదే అడ్డం. వెంకటప్పయ్య రెండొందల ఎకరాలు బోడి చేశాక వలల్లో రొయ్య లేదు, బసవపున్నయ్య లాంటి కౌలు రైతుల పొలాలు చౌడుబారాయి. అది చాలక మాఘంలో సర్వే వస్తుందన్నారు. అక్కడ ఏమీ మొలవదని రాసేస్తే ఆ నేల ఉప్పుమళ్ళ కింద కంట్రాక్టరుకే ఇస్తారు. మొలకలు నిలబడితే అది అడవి, ఇవ్వడం కుదరదు. పల్లె బతుకంతా ఆ మొలకల మీదే ఉంది.

మేం కాలేజీ మానేసి అక్కడే మకాం పెట్టాం. బసవపున్నయ్య పదిమంది రైతుల్ని తీసుకొచ్చాడు. డెల్టావాళ్ళం కదా, మాకు చేతనైందే చేశాం. రాలిన మడకాయలు ఏరి, వరినారు నాటినట్టు తాడు పట్టి గుచ్చి, చుట్టూ గట్టు వేసి నీళ్ళు నిలబెట్టాం. నేను మంగళగిరి సాలెవాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ తిన్నటి వరసలు చూసుకుని తెగ మురిసిపోయాను. పదిహేను రోజులకు అన్నీ కుళ్ళి నల్లబడ్డాయి.

పల్లె అంతా నవ్వింది. దానమ్మ మాత్రం నవ్వలేదు.

"వరికి నీళ్ళు నిలబెట్టాలి బాబూ. మడకు నీళ్ళు వచ్చి పోవాలి. పోటుకి తాగిద్ది, పాటుకి ఊపిరి పీల్చుద్ది. మీరు దాన్ని ముంచి చంపారు."

మరి నరికినచోట దానంతట అది ఎందుకు మొలవడం లేదని మాస్టారు అడిగారు. దానమ్మ చెయ్యెత్తి పాయకు అడ్డంగా ఉన్న మట్టికట్టను చూపించింది. కట్టెల బళ్ళు నడవడానికి కంట్రాక్టరు వేయించిన కట్ట అది. దానికి అవతల పోటూ పాటూ ఆడుతున్నాయి. ఇవతల మురిగిన నీళ్ళు, ఎండి తెల్లబారిన ఉప్పు. పన్నెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాననీ, కళ్ళముందున్న కట్ట కనపడలేదనీ మాస్టారు మా అందరి ముందూ ఒప్పుకున్నారు.

వలలు ఆరేసే దిబ్బ మీద మీటింగు పెట్టాం. కట్ట తెంచితే ఉన్న నాలుగు చేలూ మునుగుతాయని బసవపున్నయ్య అడ్డం తిరిగాడు. మీరు ఆ కట్ట తెంచడానికి రండి, ముందు మీ చేలగట్టు మేం ఎత్తు చేస్తామని దానమ్మ మాటిచ్చింది. కలెక్టరుకు అర్జీ పెడదామని ఎవరో అన్నారు.

"అర్జీ సంగతి నా జుట్టునడుగు, చెప్పుద్ది" అంది శౌరమ్మ. ఇంక ఎవరూ అర్జీ మాట ఎత్తలేదు.

చేలగట్టు ఎత్తడానికి ఎనిమిది రోజులు పట్టింది. రైతుల పక్కన పల్లెవాళ్ళు తట్టలు మోశారు. ఒకరి కుండలో నీళ్ళు ఒకరు తాగని జనం ఒకే కుండలో నీళ్ళు తాగారు. ఆపైన భాద్రపద అమావాస్య నాడు, పెద్దపోటు వచ్చే వేళకు, పట్టపగలు నూటఇరవైమందిమి పారలతో కట్ట మీదికెక్కాం. దానమ్మ బురదలో కర్రతో చేపముల్లు గీసింది. నడిమి ముల్లు పాయ, పక్క ముళ్ళు మేం తవ్వాల్సిన పిల్లకాలవలు. కాలవలు తవ్వాం, కట్ట తెంచాం. పోటు లోపలికి దూకింది. ఈసారి ఒక్క కాయ కూడా నాటలేదు. తట్టలకొద్దీ నీళ్ళలో వదిలేశాం, తమకు నచ్చినచోట అవే ఆగుతాయని.

అప్పటికి వెంకటప్పయ్య పోలీసుల్ని వెంటబెట్టుకు వచ్చాడు. కట్ట మళ్ళీ కట్టమని ఇనస్పెక్టరు లాఠీ ఎత్తాడు. నూటఇరవై పారలూ నేల మీద పడ్డాయి. ఒక్కరూ వంగి పార తియ్యలేదు. చివరికి పోలీసులే పారలు పట్టారు. వాళ్ళు వేసిన మట్టి వేసినట్టే పోటులో కొట్టుకుపోయింది.

ఈ పాఠం ఎవడు చెప్పాడని ఇనస్పెక్టరు అరిచాడు. జీవరత్నం మాస్టారు ముందుకొచ్చి, తానేనన్నారు.

"పాఠం నాదయ్యా. ఆయన నా దగ్గర నేర్చుకున్నాడు" అంటూ దానమ్మ ఆయన పక్కన నిలబడింది.

ఇద్దరికీ బేడీలు వేశారు.

మాఘంలో సర్వేవాళ్ళు గొలుసు పట్టుకుని వచ్చారు. కంట్రాక్టరు వాళ్ళ వెనకే ఉన్నాడు. కాలవల వెంబడి, వరసా గిరసా లేకుండా, జానెడు జానెడు మొలకలు. గార్డు దారి చూపిస్తూ ముందు నడవబోయాడు. శౌరమ్మ అతనికి అడ్డంగా నిలబడింది.

"అడుగు చూసుకుని వెయ్యి నాయనా. అడవి అది."

గార్డు కాలు వెనక్కి తీసుకున్నాడు.

దానమ్మా, మాస్టారూ ఇంకా జైల్లోనే ఉన్నారు. ఈ నేల చేజారాక వెంకటప్పయ్య తూర్పున మరో పాయకు కట్ట వేస్తున్నాడు. వచ్చే అమావాస్యకు మళ్ళీ పెద్దపోటు. పార ఉన్నవాళ్ళు పారతో రండి, లేనివాళ్ళు చేతులతో రండి. నోటుబుక్కులు కూడా తెచ్చుకోండి, ఈసారి రాసుకోవాల్సింది చాలా ఉంటుంది.