జమీందారు గారి రాళ్ళు

"ఆ పెట్టె అక్కడ వద్దంటున్నానా? బీరువా తలుపు సగమే తెరుచుకుంటోంది," అంది అత్తగారు. ఆ పొద్దున అదే మాట అనడం ఎన్నోసారో ఎవరూ లెక్కపెట్టలేదు.

"పోనీ పిల్ల గదిలో పెడదాం," అన్నాడు ఆవిడ కొడుకు, ఇంటాయన.

"నా గదిలోనా? అసలు కుర్చీయే తిరగట్లేదు నాన్నా. అన్నయ్య గదిలో పెట్టుకోండి."

"నాది గదా? పావురాల గూడు. పడుకుంటే కాళ్ళు గోడని తంతున్నాయి," అని లోపల్నించి అన్నయ్య అరిచాడు.

"ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం," అని గొణుక్కున్నాడు ఇంటాయన.

"వినపడింది," అంది కోడలు వంటింట్లోంచి.

పెట్టె ఆడపడుచుది. భర్తతో విడిపోయి, ఈ ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వెతుక్కుని, "రావచ్చా వదినా?" అని ఫోన్ చేసింది. "అడగాలా?" అంది కోడలు. వచ్చాక ఎవరూ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. అలాగని ఎవరూ ఒక్క అరా ఖాళీ చెయ్యలేదు. బట్టలు పెట్టెలో, సబ్బూ బ్రష్షూ సంచీలో, నిద్ర సోఫా మీద.

"కొట్టుకోకండి. నా మంచం పక్కనే పెట్టుకుంటా," అని ఆడపడుచు పెట్టెని సోఫా దగ్గరికి ఈడ్చుకుపోయింది.

సోఫాకి ఎదురుగా గాజు తొట్టి ఉంది. కోడలు పనిచేసిన పాత ఆఫీసు మూసేస్తూ, మోసుకుపోయేవాళ్ళు తీసుకోండన్నప్పుడు ఆమె తెచ్చుకున్న ఉప్పునీటి తొట్టి. అందులో సముద్రపు రాళ్ళు, రెండు నత్తలు, ఒక నీలం చేప. డామ్సెల్ అంటారని షాపతను చెప్పాడు. పగడపు దిబ్బల దగ్గర ఎక్కడ చూసినా అవేనట. ఇంట్లో మాత్రం దాని పేరు జమీందారు. బొటనవేలంత ఉంటుంది, పొగరు ఏనుగంత. తొట్టిలో పెద్ద రాయి కింది గుహ దానిది, ఆ రాయి మీది పచ్చటి పాచి దానిది. నత్త అటుగా పాకితే మూతితో పొడిచి దొర్లించేస్తుంది. తొట్టి కడగడానికి చెయ్యి పెడితే కోడలి వేళ్ళని కూడా కొరుకుతుంది. నెత్తురు రాదు గాని ఒళ్ళు మండుతుంది.

పోయినవారం మొదటి జీతం రాగానే ఆడపడుచు ఇంటికేదైనా తేవాలనుకుని ఒక పసుపుపచ్చ చేపని తెచ్చింది. పాపం మెతకది. జమీందారు దాన్ని ఒక్క చోట నిలవనివ్వలేదు. అది పోయి పంపు గొట్టం వెనక ఇరుక్కుంది. తోక అంచు చిరిగింది. మేత వేస్తే బయటికి రాదు.

"ఇది కూడా సోఫా మీదే పడుకుంటోంది వదినా," అంది ఆడపడుచు నవ్వుతూ. కోడలికి నవ్వు రాలేదు.

ఆ పొద్దున పెట్టె గొడవ సద్దుమణిగాక కోడలు షాపుకి ఫోన్ చేసింది. "కొత్తదానికి ఇంకో రాయి కొనమంటారా?"

"ఎన్ని కొన్నా లాభం లేదమ్మా, అవీ దానివే అంటుంది. పాతదాన్ని కాసేపు చిల్లుల బుట్టలో వేసి నీళ్ళలోనే వేలాడదీయండి. లోపలి రాళ్ళన్నీ తారుమారు చేసి పేర్చండి. ఒక్కటి కూడా ఉన్నచోట ఉంచొద్దు. తన ఇల్లేదో దానికి తెలిస్తే మళ్ళీ మొదలు."

కోడలు కూరలు కడిగే బుట్ట తెచ్చింది. అత్తగారు అది చూసి, "ఇంక ఆ బుట్టలో కూరలు కడిగితే నేను తినను," అని తేల్చేసింది. జమీందారుని ఆ బుట్టలో వేలాడదీసి, వదినా ఆడపడుచూ చేతులు మోచేతుల దాకా ముంచి రాళ్ళు కదిలించడం మొదలుపెట్టారు. నీళ్ళు మజ్జిగలా తెల్లబడ్డాయి.

"వదినా, హాస్టల్లో గది చూసుకున్నాను. వచ్చేవారం వెళ్ళిపోతా," అంది ఆడపడుచు, రాయి మీదనించి చూపు తిప్పకుండానే.

కోడలు చేతిలోని రాయిని ఇసకలో దింపేసింది. "ఎవరేమన్నారు?"

"ఎవరేమంటారు? అందరూ మంచివాళ్ళే. ఇక్కడ మంచినీళ్ళు తాగాలన్నా గ్లాసు ఎక్కడని అడుగుతున్నా. నిన్న టీ పెడదామని వస్తే నువ్వు నా చేతిలోంచి గిన్నె లాక్కున్నావు."

"అలసిపోయి వచ్చావని..."

"తెలుసు. వచ్చినప్పట్నించీ రోజూ అలానే లాక్కుంటున్నావు. నేను పుట్టింటికొచ్చిన చుట్టాన్నైపోయాను వదినా. చుట్టం ఎన్నాళ్ళుంటుంది చెప్పు?"

కోడలు ఆ రాయిని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. వంటింటి అరల్లో ఏ డబ్బా ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు తను. ఇంకెవరైనా జరిపితే ఆ పూటంతా చిరాకు పడుతుంది కూడా. పెట్టె కోసం పొద్దున అందరూ పేచీ పెడుతుంటే ఎంత ఇరుకు మనసులు అనుకుంది. తన సంగతి గుర్తే రాలేదు.

పెద్ద రాయిని అడ్డంగా పడుకోబెట్టారు. చిన్నవాటితో రెండు గుహలు కట్టారు. నీళ్ళు తేరాక జమీందారుని వదిలారు. అది బాణంలా పాత గుహ ఉండే చోటికే దూసుకెళ్ళింది. అక్కడ ఉత్త ఇసక. ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. పాచి ఉన్న రాయి దొరికింది గాని అది ఎటో తిరిగి ఉంది. పసుపు చేప గొట్టం వెనకనించి నెమ్మదిగా బయటికి వచ్చి ఒక గుహలో దూరింది. జమీందారు దాని మీదికి ఉరికింది గాని సగం దారిలో ఆగిపోయింది. సరిహద్దు ఎక్కడో దానికే తెలిసినట్టు లేదు. కాసేపటికి వెనక్కి మళ్ళి రెండో గుహని చుట్టూ చూసుకోసాగింది. సాయంత్రం మేత వేస్తే రెండూ పైకి వచ్చాయి. స్నేహమేమీ కాదు. ఒకదాన్నొకటి ఓరచూపు చూసుకుంటూనే తిన్నాయి.

రాత్రి భోజనాల దగ్గర ఆడపడుచు హాస్టల్ సంగతి అందరికీ చెప్పింది. ఇంటాయన కంచంలోకి చూస్తూ, "నీ ఇష్టం," అన్నాడు. అత్తగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఇక్కడ నీకేం తక్కువైందే?" అంది.

"తన పెట్టె పెట్టుకునే చోటు," అంది కోడలు. గొంతు పెంచలేదు. భర్త కంచంలో కూర వడ్డిస్తూనే చెప్పింది. "ఆదివారం గదులన్నీ ఖాళీ చేస్తున్నాం. సామానంతా హాల్లోకి వస్తుంది. ఎవరూ పాత చోటుకి వెళ్ళరు. ఆరుగురం కూర్చుని మళ్ళీ మొదటినించి పంచుకుంటాం."

"మా గది కూడానా?" అన్నాడు ఇంటాయన.

"మనదీ."

"నాకు పరీక్షలమ్మా," అంది కూతురు.

"బల్ల నీతోనే వస్తుంది. గోడలే మారతాయి."

"నా బీరువా కదిపితే ఊరుకోను," అంది అత్తగారు.

"కదుపుతాం అత్తయ్యా. మీరు కుర్చీలో కూర్చుని ఎటు పెట్టాలో చెబుదురుగాని."

ఆడపడుచు కంచం మీదనించి తలెత్తి చూసింది. "నా కోసం ఇంత రాద్ధాంతం ఎందుకు వదినా?"

"నువ్వు హాస్టల్‌కి ఫోన్ చేసి రావట్లేదని చెప్పు," అంది కోడలు. "వంటిల్లే ముందు. డబ్బాలన్నీ నేను కిందికి దించేస్తాను. పైన ఏది ఎక్కడుండాలో నువ్వు సర్దు."