కొట్టు ముందు పచ్చి బొంగులు

తెనాలిలో కాలవ గట్టున వెదురు కొట్లు పెట్టుకున్న మేదరి కుటుంబాల్లో దుర్గాభవానికి నోరున్న మనిషని పేరు. నోటికంటే చెయ్యి చురుకు. నిచ్చెనలూ తడికెలూ చాటలూ అమ్ముకునే కొట్లో ఆమె చేతి మీదుగా కొత్త సరుకు పుట్టుకొచ్చింది. దీపాల మీద బోర్లించే బుట్టలు, బ్రష్షులు పెట్టుకునే గొట్టాలు, చెప్పుల స్టాండ్లు. ఇంట్లో ప్లాస్టిక్ తగ్గిద్దామనుకున్నవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కెళ్ళేవారు.

ఆమె భర్త రామకోటికి గొడవలంటే భయం. బొంగులు దించడం, నీళ్ళలో నానేయడం, ఎండబెట్టడం అతని పని. ఎవరింట్లోనైనా మనిషి పోతే పాడెకి పచ్చి బొంగులు తీసిచ్చేదీ అతనే. అవెప్పుడూ కొట్టు ముందే నిలబెట్టి ఉండేవి. ఎవరికి ఏ వేళ అవసరం పడుతుందో తెలియదు గనక.

బాపట్లలో వెదురు వస్తువుల షాపు తెరవబోతున్న వినయ్ కుమార్ ఒకరోజు ఆ కొట్టుకొచ్చి, ఆమె కొత్తగా అల్లిన ఉయ్యాల ముందు ఆగిపోయాడు. ఒక్క మేకు లేదు. సన్నటి బద్దల అల్లిక, పసిబిడ్డ ఒంటికి గీసుకోకుండా నున్నగా తీర్చిన అంచులు.

"చెక్క ఉయ్యాలకైతే చెట్టు కొట్టాలండి," అంది దుర్గాభవాని. "పొదలోంచి ముదురు బొంగు తీసుకుంటే పక్కన పిలకలు లేస్తూనే ఉంటాయి. పాడైపోతే మట్టిలో కలిసిపోద్ది."

"ఇదే మాట కెమెరా ముందు చెప్పండి భవానిగారూ. మీరు అల్లిందంతా నా షాపుకే," అన్నాడతను.

చెప్పినట్టే కెమెరాతో వచ్చాడు. ఉయ్యాల పక్కన ఆమెను కూర్చోబెట్టి వీడియో మొదలుపెట్టాడో లేదో, ఐతానగర్ నుంచి పెయింటర్ పున్నయ్య సైకిలు మీద వచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అక్కా, నాన్న పోయాడు," అన్నాడు.

దుర్గాభవాని లేవబోయింది. వినయ్ కుమార్ చెయ్యి అడ్డం పెట్టాడు. "కాసేపాగి రమ్మనండి. రికార్డవుతోంది."

"కాసేపాగడానికి ఆయనొచ్చింది చెప్పుల స్టాండు కోసం కాదండి."

అతను గొంతు తగ్గించాడు. "మీకర్థం కావట్లేదు. ఉయ్యాల పక్కన పాడె కర్రలు కనపడితే ఎవరు కొంటారు? అసలు నేనే చెబుదామనుకున్నా. ఆ బేరం మానెయ్యండి. ఇక మీ సరుకంతా పెద్దపెద్ద ఇళ్ళల్లోకి వెళ్ళేది."

"భవానీ, వెనక సందులోంచి ఇచ్చేద్దాంలే," అని గొణిగాడు రామకోటి.

"వెనకనుంచెందుకు? వాళ్ళ నాన్నేమన్నా దొంగతనం చేసి పోయాడా?"

ఆమె కెమెరా ముందునుంచే నడిచి వెళ్ళి, తిన్నటి బొంగులు ఏరింది. ఒకదానికి పగులు కనిపిస్తే పక్కన పడేసి ఇంకోటి తీసింది. కట్టగట్టి, "నువ్వు మొయ్యలేవు పున్నయ్యా, మేం తెస్తాం పద," అని ఒక కొస భుజానికెత్తుకుంది. రెండో కొస పట్టుకోక రామకోటికి తప్పలేదు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి వినయ్ కుమార్ కెమెరా సర్దేశాడు. "ఈ ఉయ్యాల నేను తీసుకోలేనండి," అన్నాడు.

"మంచిది. నేను ఇవ్వనని చెప్పాల్సిన పని తప్పింది."

కారు వెళ్ళిపోయాక రామకోటి కూలబడ్డాడు. "ఉన్న ఒక్క దారీ మూసేశావు గదే."

"మూసింది నేనా? మీ అయ్య చేసిన పనిని, నువ్వు చేసే పనిని దాచిపెట్టమన్నాడు. ఇవాళ బొంగులు దాచమంటాడు, రేపు నిన్ను లోపల కూర్చోమంటాడు. అదేం దారి?"

గట్టిగానే అంది గానీ లోపల భయం లేకపోలేదు. ఆ సాయంత్రం బద్ద చీరుతుంటే కత్తి జారి వేలు తెగింది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ చీరింది.

తెల్లారాక ఉయ్యాల నెత్తిన పెట్టుకుని రేపల్లె రైలుకి బయల్దేరింది.

"అక్కడ మనకెవరున్నారే?" అన్నాడు రామకోటి.

"పిల్లల్ని కనేవాళ్ళు ఉండరా?"

రేపల్లె బజారులో ఒక మూల నీడ చూసుకుని కూర్చుంది. ఉయ్యాల చూసి జనం ఆగారు. ధర అడిగినవాళ్ళకి ధర కంటే ముందు ఇంకో మాట చెప్పింది. "మా కొట్లో పాడె బొంగులు కూడా అమ్ముతామండి. ఇదీ ఆ వెదురే. తెలిసి కొనుక్కోండి."

ఒకావిడ ఉయ్యాలకి తగిలిన చేతిని పైటకి తుడుచుకుని మొగుడితో వెళ్ళిపోయింది. ఇంకొకావిడ, "పొద్దున్నే ఏం మాటలమ్మా అవి?" అని కసిరింది. ఎండ ఎక్కింది. ఆకలేసింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది, అని దుర్గాభవానికే అనిపించింది ఒక్క క్షణం. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే ఒళ్ళు మండి, తర్వాత వచ్చినవాళ్ళకి మరింత గట్టిగా చెప్పింది.

మధ్యాహ్నం నాగూర్‌బీ అనే పెద్దావిడ నెలలు నిండిన కోడలు ఖతీజాను వెంటబెట్టుకుని అటు వచ్చింది. ఉయ్యాలను వంచి చూసింది, గుంజి చూసింది, రెండు చేతులూ ఆనించి బరువంతా వేసింది. అది కిర్రుమనలేదు. దుర్గాభవాని తన మాట చెప్పింది. ఖతీజా అత్త మొహం వైపు చూసింది.

"అయితే గట్టిదేనన్నమాట," అంది నాగూర్‌బీ. "అంత పెద్ద మనుషుల్ని మోసే వెదురు గుప్పెడు బిడ్డని మొయ్యదా? ఏమ్మా ఖతీజా?"

"నాకు నచ్చిందత్తమ్మా," అంది కోడలు, అంచు నిమురుతూ.

సంతోషం బయటపడకూడదని దుర్గాభవాని బేరంలో ఒక్క మెట్టు కూడా దిగలేదు. నాగూర్‌బీ కూడా అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. చివరికి ఇద్దరూ నవ్వేశారు, ఉయ్యాల వాళ్ళింటికి వెళ్ళింది.

ఖతీజాకి పాప పుట్టింది. ఆ వీధిలో వాళ్ళు ఉయ్యాల చూసి అడిగారు, వాళ్ళ చుట్టాలు పక్కనున్న నగరం అనే ఊరి నుంచి కబురు చేశారు. దుర్గాభవాని ఉయ్యాల వెనక ఉయ్యాల అల్లుతూ పోయింది.

కొన్నాళ్ళకు వినయ్ కుమార్ ఫోన్ చేశాడు. షాపుకొచ్చినవాళ్ళు దీపం బుట్టలు అడుగుతున్నారట.

"పంపిస్తానండి. ఫొటోలు కావాలంటే వచ్చి తీసుకోండి. పచ్చి బొంగులు మాత్రం కొట్టు ముందే ఉంటాయి, ఫొటోలోనూ ఉంటాయి."

"బుట్టలు చాలండి, ఫొటోలు అక్కర్లేదు," అన్నాడతను. "మరి ఉయ్యాలలు?"

"అవి మీకివ్వను. వాటికి రేపల్లెలో మనుషులున్నారు," అని ఫోన్ పెట్టేసింది.

రామకోటి ఆమె వైపు చూసి, కొత్తగా దిగిన పచ్చి బొంగుల్లోంచి తిన్నటివి ఏరి రోడ్డుకి ఇంకాస్త దగ్గరగా నిలబెట్టాడు.