వంచిన చెంచా

బీన్స్ పీచు తీస్తూనే ఒక కన్ను కుక్కర్ మీద, ఒక కన్ను పిల్లల మీద వేసి ఉంచింది ఆయా. ఉప్పు తక్కువ, పంచదార అసలు వద్దు, కూరముక్క గోరంత. ఫ్రిజ్ తలుపుకు ఇంటావిడ అంటించిన కాగితం నిండా ఇవే. ఆ కాగితం పుట్టకముందే నాలుగిళ్ళ పిల్లలకు పళ్ళొచ్చే వయసు నుంచి వండిపెట్టిన మనిషి ఆమె. జీతమిచ్చేవాళ్ళకు పాఠం చెబితే ఎక్కుతుందా?

క్యారెట్ ముక్కను వేళ్ళ మధ్య నలిపి చూసింది. మెత్తగా నలిగింది. పప్పు మెదిపి, అన్నంలో కలిపి, ఉడికిన గుడ్డును నాలుగు చెక్కలు చేసింది. దీన్ని పని అనరు. "ఇంట్లో కూచుని పిల్లల్ని చూసుకోవడమేగా" అంటారు. అనేవాళ్ళలో ఒక్కరైనా, మూడేళ్ళ పిల్ల బిగించిన పళ్ళ ముందు చెంచా పట్టుకుని గంటసేపు నిలబడ్డారా?

ఈ రోజు శనివారం, పెద్దవాడికి బడి లేదు. పొద్దున ఇంటావిడ చెప్పులు వేసుకుంటూ చెప్పి వెళ్ళింది:

"చిన్నది తనంతట తాను తింటే సోమవారం నుంచి అన్నతోపాటు బడికి పంపేస్తాం పెద్దమ్మా. తినకపోతే అక్కడ చేర్చుకోరట. ఇంకో ఆరు నెలలు మీరే చూసుకోవాలి. సాయంత్రం చెప్పండి."

చిన్నదానిది ఎడమచేతివాటం. మామూలు చెంచా ఇస్తే సగం ఒళ్ళోనే. అందుకే నెల కిందట ఆయా ఒక చెంచా కాడను తలుపు సందులో పెట్టి, పిల్ల మణికట్టు తిరిగే వైపుకు వంచింది. పాడుచేసిందంటారని గిన్నెల వెనక దాచింది. అప్పటికి ఈ బడి గొడవ లేదు.

కంచాలు పెట్టి, మామూలు చెంచా అందుకుంది. తనే తినిపిద్దామని.

"నా వంకరది!" అంది చిన్నది.

"పెద్దమ్మా, ఆ చెంచాకి ముక్కు వంకర" అన్నాడు అన్న.

"నీ ముక్కేం తక్కువట్రా? ముందు నోరు మూసుకుని తిను."

"నోరు మూస్తే ఎలా తింటా?"

ముగ్గురూ నవ్వారు. ముందుగా ఆమె నవ్వు ఆగింది. ఆ చెంచా పోయిందని చెబితే చాలు. ఆరు నెలలు. తన గదిలో రాత్రి పొయ్యి వెలిగించి ఏళ్ళయింది. ఒక్కదానికి వండటమేమిటని, పొట్లంలోది నిలబడే తింటుంది.

గిన్నెల వెనక్కి చెయ్యి పెట్టింది.

చిన్నది బీన్స్‌తో సహా ఊడ్చేసి, కంచం ఎత్తి చూపించింది. "అడుగు కనిపిస్తోంది చూడు!"

"కనిపిస్తోంది తల్లీ."

సాయంత్రం ఇంటావిడ బ్యాగు దించకుండానే అడిగింది. "తింటోందా?"

"తింటోందమ్మా. వంకర చెంచా ఒకటుంది, దాంతోనే. ఎడమచేతిలో పెట్టండి."

"వంకరదెందుకు, కొత్తది కొంటాంలెండి. హమ్మయ్య, పెద్ద బరువు దించారు!"

చిన్నది బొమ్మల మధ్య నిద్రపోయింది. లేపితే ఏడుస్తుంది. ఆయా చెయ్యి తుడుచుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

వంటగట్టు మీద బుట్టలో నిటారు చెంచాల మధ్య ఒకటి పక్కకు ఒరిగి ఆరుతోంది. దాని కాడ మీద తలుపు కొరికిన గాట్లు రెండు.